దేహము చల్లబడినచో గుండెకేమగును?

వానలో తడిసి, ఈదురుగాలిలో రాత్రియంతయు పొలమున నిలిచినచో, మనది ఉష్ణదేశమైనను దేహము ప్రమాదకరముగ చల్లబడవచ్చును. అప్పుడు గుండెకు కలుగు మార్పును ఇచట తెల్పుచున్నాము.

గుండెయొక్క కుడి పైగదిలో పుట్టు స్వల్పవిద్యుత్తే దానిని కొట్టించుచున్నది. కండకణముల పొరగుండ సోడియము, పొటాసియము మున్నగునవి రాకపోకలు సల్పుటచే ఈ విద్యుత్తు కలుగును. చలి ఈ రాకపోకలను మందగింపజేయును.

దేహమున సహజోష్ణము సుమారు 37 డిగ్రీలు. 35కు దిగినచో ప్రమాదారంభము. ఇంకను తగ్గినకొలది నాడి మందగించును. 32కు దిగువ పైగదులు లయతప్పి వడకవచ్చును. ఇ.సి.జి. పటమున చిన్న మూపురమువంటి గీత కానవచ్చును. 1953లో దానిని వర్ణించిన ఆస్బర్న్ పేర అది ఆస్బర్న్ తరంగమనబడుచున్నది. 28కి దిగువ మోటు కుదుపునకే క్రిందిగదులు వడకి, రక్తప్రసారము ఆగిపోవచ్చును.

కావున అట్టివానిని లేపి నడిపింపరాదు, ఒడలు రుద్దరాదు, సారా త్రాపరాదు. మెల్లగా పరుండబెట్టి, తడిబట్టలు తొలగించి, పొడికంబళి కప్పి, 108 బండికి కబురంపవలెను. నాడి చేతికందకున్నను మృతుడని తలపక, నిండు నిమిషము ఊపిరిని పరికింపవలెను. ఊపిరి లేనిచో బండి వచ్చువరకు రొమ్ము నొత్తుచుండవలెను. 1999లో నార్వేదేశమున మంచునీట చిక్కి, గుండె ఆగి, దేహోష్ణము 13.7 డిగ్రీలకు దిగిన యొక వైద్యురాలు, యంత్రముచే రక్తమును మెల్లగా వెచ్చజేయగా బ్రతికినది.