కొమ్మలు నాటి పచ్చని కంచె పెంచు విధము

చేనికి కంచె లేనిచో దున్నకమును, ఎరువును, విత్తనమును వ్యర్థమగును. ఒక్క రాత్రి పశువులు పడినచో నాలుగు నెలల కష్టము నశించుటయే గాక, ఇరుగుపొరుగు రైతుల నడుమ తగవులును కలుగును. పూర్వము పలు గ్రామములలో నాగజెముడు కంచెలుండెను. 1926వ సంవత్సరమున సింహళము నుండి దక్షిణ హిందూదేశమునకు తేబడిన కొచ్చినీలు పురుగు ఆ జెముడును చాలవరకు నశింపజేసెను. బీడుభూములు బాగుపడినవి గాని కంచెలు పోయినవి. ముళ్లకంప వేసినచో చెదలు తినుటచే దానిని ఏటేట మరల కొట్టి తేవలసియుండును. కావున పచ్చని కంచె పెంచుట మేలు.

తగిన మొక్కలు:— వావిలి, అడవి ఆముదము, కాడజెముడు. వీనిని పశువులు సాధారణముగా మేయవు. వీని కొమ్మలు సులభముగా వేరు తొడుగును.

కొమ్మలు కోయుట:— వావిలికిని, అడవి ఆముదమునకును ఫాల్గుణ మాసమున బావి దగ్గర ఇసుక కలిపిన మడి కట్టవలెను. లేతవి గాక, బొటనవ్రేలి లావున ముదిరిన కొమ్మలను జానెడు ముక్కలుగా వాడికత్తితో కోయవలెను. అడుగు కోత కణుపునకు దిగువనే యుండవలెను. ఆకులు తీసివేసి, తలక్రిందులు గాకుండ, మూడింట రెండు పాళ్లు మట్టిలోనికి దించి, చుట్టును గట్టిగా నొక్కవలెను. తడి ఆరరాదు, నీరు నిలువనురాదు. చిగురు పుట్టినంతనే వేరు పట్టినదని తలపరాదు. కొమ్మయందలి నిలువ ఆహారముతోనే మొదటి చిగురు వచ్చును. అప్పుడు తడి మానినచో మొక్క చచ్చును. కాడజెముడునకు మడి పనిలేదు. ముక్కలను వారము దినములు నీడనుంచి, కోతయందలి పాలు ఆరిన పిమ్మట చేనిగట్టుననే నాటవచ్చును.

నాటుట:— మృగశిర కార్తెలో వానలు పడగానే అడుగు లోతున కాలువ త్రవ్వి, పశువులపెంట కలిపిన మన్ను నింపి, జానెడు దూరమున రెండు వరుసలు ఎడమిచ్చి నాటవలెను. నూరు గజముల కంచెకు వరుసకు 400 చొప్పున 800 మొక్కలు కావలెను. చచ్చినవాని స్థానమున నాటుటకై మడిలో 1000 ముక్కలు పెట్టుట మంచిది. మొదటి యేడు వెలుపల ముళ్లకంప వేయవలెను.

కత్తిరించుట:— మొక్కలు మోకాలియెత్తు పెరుగగానే అడుగు ఎత్తున కోసివేయవలెను. పెరిగిన మొక్కను కోయుటకు మనసొప్పక విడిచినచో, పైభాగము గుబురై మొదలు బోసిపోవును. ఆ సందులలో మేకలు దూరును. ఆ పిమ్మట ఏటేట కత్తిరించుచుండవలెను.

జాగ్రత్తలు:— కాడజెముడు పాలు కంటబడినచో మిక్కిలి హాని కలుగును. అడవి ఆముదపు గింజలు విషము గాన పిల్లలు తినకుండ చూడవలెను. వేళ్లు పైరు పదనును లాగును గనుక కంచెకును సాళ్లకును ఎడమియ్యవలెను. సరిహద్దు రాళ్లకు లోపల, పొరుగు రైతునకు తెలిపి నాటిన కంచె పైరును, స్నేహమును గూడ కాపాడును.