వాయిదాలపై జరిమానా



మన భాషలో 'వాయిదా' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. "సభను వాయిదా వేశారు" అంటే మరొక రోజుకు జరిపారని అర్థం. "బాకీని వాయిదాల మీద తీర్చాడు" అంటే కొంచెం కొంచెంగా, చెప్పిన గడువుల ప్రకారం చెల్లించాడని అర్థం. మొదటి దానిలో పని ఆగిపోతుంది. రెండవ దానిలో పని సాగుతూనే ఉంటుంది. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని పాఠం చదవండి.

బళ్ళను ఎక్కడ పడితే అక్కడ నిలిపితే ఏమవుతుంది? దారి మూసుకుపోతుంది. అంబులెన్సుకు త్రోవ దొరకదు. ఒకరి బండే రోజంతా అంగడి ముందు నిలిస్తే తక్కినవారికి చోటుండదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మోటారు కార్లు పెరిగిన కొద్దీ ఈ చిక్కు కూడా పెరిగింది. అందువల్ల 1935 జూలై 16న ఓక్లహామా నగరంలో, వీధి ప్రక్కన, ప్రపంచంలోకెల్లా మొదటి పార్కింగ్ మీటరును నిలిపారు. అందులో ఐదు సెంట్ల నాణెం వేసి కొంతసేపు బండి నిలుపుకోవచ్చు. గడువు దాటితే జరిమానా కట్టాలి.

జరిమానా అవసరమే. అది లేకపోతే నియమాన్ని లెక్కచేసేవారు తక్కువ. అయితే ఒకే జరిమానా అందరికీ ఒకే బరువు కాదు. జీతం నిండుగా వచ్చే వానికి యాభై డాలర్లు ఒక పూట విందు ఖర్చు. దినకూలితో బ్రతికే వానికి అదే సొమ్ము ఇంటిల్లిపాదికీ కొన్నాళ్ళ వెచ్చాలు. అతడు గడువులోగా కట్టలేడు. కట్టలేదని అదనపు రుసుము పడుతుంది. మొదటి మొత్తమే కట్టలేనివాడు పెరిగిన మొత్తం ఎలా కట్టగలడు? చిన్న తప్పుకు పెద్ద శిక్ష! దీనినే మన పెద్దలు 'పిచ్చుకపై బ్రహ్మాస్త్రం' అన్నారు.

టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ప్రెస్టన్ టేట్ అనే పేదవాడు ఉండేవాడు. వాహన నిబంధనలు అతిక్రమించిన తొమ్మిది కేసులలో అతనికి మొత్తం 425 డాలర్ల జరిమానా పడింది. ఆ నేరాలకు చట్టం విధించిన శిక్ష జరిమానా మాత్రమే, జైలు కాదు. కాని టేట్ వద్ద సొమ్ము లేదు. అందుచేత రోజుకు 5 డాలర్ల లెక్కన, 85 రోజులు నగర కారాగార క్షేత్రంలో ఉండి తీర్చుకోవాలని ఆదేశించారు. డబ్బున్నవాడు అదే తప్పు చేస్తే కట్టి ఇంటికి పోతాడు. లేనివాడు జైలుకు పోతాడు. ఇది న్యాయమా?

ఈ ప్రశ్న అమెరికా సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1971 మార్చి 2న తీర్పు వచ్చింది. కట్టే శక్తి లేదన్న ఒక్క కారణంతో జరిమానాను జైలుశిక్షగా మార్చరాదని న్యాయస్థానం చెప్పింది. ఆ దేశ రాజ్యాంగపు 14వ సవరణ చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇస్తున్నది. మన రాజ్యాంగంలోని 14వ అధికరణం చెప్పేదీ అదే.

మరి టేట్ బాకీ మాఫీ అయిందా? లేదు. ప్రభుత్వం జరిమానాను వేరే మార్గాలలో రాబట్టుకోవచ్చునని న్యాయస్థానం అన్నది. వాయిదాలలో కట్టించుకోవడం అటువంటి మార్గమే.

కాలిఫోర్నియా రాష్ట్రం పార్కింగ్ జరిమానాల విషయమై 2017లో ఒక చట్టం చేసింది. అది 2018 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, బాకీ 300 డాలర్లకు మించని పేద వాహనదారుని వద్ద నెలకు 25 డాలర్ల కంటె ఎక్కువ వసూలు చేయరాదు. ఆలస్యానికి వేసిన అదనపు రుసుములు తీసివేయాలి. 2020లో చేసిన సవరణతో 300 డాలర్ల హద్దు 500 డాలర్లకు పెరిగింది. ఇల్లినాయి రాష్ట్రం మరొక మేలు చేసింది. పార్కింగ్ జరిమానా కట్టలేదని డ్రైవింగ్ లైసెన్సును నిలిపివేసే పద్ధతిని 2020 జూలై 1 నుండి మానివేసింది. బండి నడపనివ్వకపోతే పనికి పోలేడు; పనికి పోకపోతే బాకీ తీర్చలేడు కదా!

ఇలా చేస్తే జనానికి నియమమంటే భయం పోదా అని మీరు అడగవచ్చు. ఆలోచించండి. 2022 మార్చిలో తెలంగాణలో పేరుకుపోయిన ట్రాఫిక్ చలానాలపై తగ్గింపు ఇచ్చారు. ద్విచక్రవాహనాల వారు నాలుగవ వంతు కడితే చాలునన్నారు. బాకీలు త్వరగా వసూలవుతాయి, నిజమే. కాని సకాలంలో పూర్తిగా కట్టినవారికి అది అన్యాయంగా తోచదా? తగ్గింపులో తప్పు విలువ తగ్గుతుంది. వాయిదాలో అసలు జరిమానా తగ్గదు. కట్టే వ్యవధి మాత్రమే పెరుగుతుంది. నెలనెలా కట్టేవానికి తన తప్పు నెలనెలా గుర్తుకు వస్తుంది కూడా.

మన దేశానికీ ఈ పద్ధతి కొత్త కాదు. జరిమానా వెంటనే కట్టలేని వానికి రెండు మూడు వాయిదాలు ఇచ్చే అధికారాన్ని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు న్యాయస్థానాలకు ఇచ్చింది. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ ఏర్పాటు ఉన్నది.

కట్టగలిగి కట్టనివాడు వేరు. కట్టాలని ఉన్నా కట్టలేనివాడు వేరు. ఆ ఇద్దరినీ వేరుచేసి చూడగలిగినప్పుడే శిక్ష న్యాయమవుతుంది.

అర్థాలు

వెచ్చాలు = ఇంటికి కావలసిన తిండి సరుకులు
అతిక్రమించు = మీరు, దాటు
అధికరణం = రాజ్యాంగంలోని ఒక భాగం
మాఫీ = కట్టనక్కరలేదని విడిచిపెట్టడం

ప్రశ్నలు

1. టేట్‌కు 85 రోజుల శిక్ష ఏ లెక్కన వచ్చింది?
2. 300 డాలర్ల బాకీని నెలకు 25 డాలర్ల చొప్పున ఎన్ని నెలలలో తీర్చవచ్చు?
3. తగ్గింపుకు, వాయిదాకు గల భేదమేమి? మీరు దేనిని సమర్థిస్తారు? ఎందుకు?
4. 'వాయిదా' అనే మాటను రెండు అర్థాలలోనూ సొంత వాక్యాలలో ప్రయోగించండి.
5. 'పిచ్చుకపై బ్రహ్మాస్త్రం' అనదగిన సందర్భం ఒకటి వ్రాయండి.