స్లైడ్ గిటారుపై బ్లూస్ మనోధర్మము

మనోధర్మమనగా అప్పటికప్పుడు మనస్సున స్ఫురించిన భావమును శాస్త్రము తప్పక స్వరములలో పలికించుట. కర్ణాటక సంగీతమున ఆలాపన, నెరవు, స్వరకల్పన ఇట్టివి. అమెరికాలోని నల్లజాతి ప్రజలు సృష్టించిన బ్లూస్ సంగీతమునకును ఇదియే ప్రాణము. గిటారు అభ్యసించు విద్యార్థులలో కొందరు ఇది పుట్టుకతో రావలసిన విద్య యనియు, మరికొందరు వ్రేళ్ళ వేగము గలవారికే సాధ్యమనియు తలంతురు. ఈ రెండు అభిప్రాయములును సరికావని మా విశ్వాసము. బ్లూస్ మనోధర్మము పాటకు బదులు చెప్పు విద్య. కంఠముతో పాడగలిగిన దానిని తీగపై పలికించుట దానికి తొలి మెట్టు.

పుట్టుక

అమెరికాలో బానిసత్వము 1865లో చట్టరీత్యా రద్దయ్యెను. అయినను మిసిసిపీ రాష్ట్రపు ప్రత్తిపొలములలో నల్లవారు పాలుకు సేద్యము చేయుచు, భూస్వాముల అప్పులలో మునిగి జీవించిరి. వారి పనిపాటల నుండి, చర్చి గీతముల నుండి బ్లూస్ రూపొందెను. 1903 ప్రాంతమున టట్‌వైలర్ రైల్వే స్టేషనులో ఒక నల్లజాతి గాయకుడు గిటారు తీగలపై కత్తిని అదిమి జార్చుచు పాడగా వింటినని డబ్ల్యు.సి. హ్యాండీ 1941లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాసెను. కత్తికి మారుగా సీసా మెడను కోసి వ్రేలికి తొడుగుకొనుటయు వాడుకలోనికి వచ్చెను. ఈ బాణీలో ప్రసిద్ధుడైన రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరములలో 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏండ్ల వయస్సున మరణించెను. ఫ్రెడ్ మెక్‌డోవెల్ పాటను అలన్ లోమాక్స్ 1959లో రికార్డు చేయుటతో ఆ సేద్యగాని పేరు లోకమునకు తెలిసెను.

శ్రుతి, హస్తసాధన

ఈ వాద్యమునకు పలు శ్రుతులు గలవు. ప్రారంభకులకు 'ఓపెన్ డి' అను శ్రుతి అనుకూలము. లావు తీగ మొదలు సన్నతీగ వరకు దానిని మన పరిభాషలో స, ప, స, గ, ప, స అని చెప్పవచ్చును. సాధారణ శ్రుతి నుండి 6వ, 2వ, 1వ తీగలను ఒక్కొక్క స్వరము, 3వ తీగను అర్ధస్వరము దించిన చాలును. ఏ తీగను బిగింప నక్కరలేదు గనుక తెగునను భయము లేదు.

గాజుగొట్టమును చిటికెనవ్రేలికి తొడిగి తీగను తాకీతాకనట్లు ఉంచవలెను. అది మెట్ల మధ్యభాగమున గాక సరిగా లోహపు కమ్మికి ఎగువన నిలిచిననే స్వరము శుద్ధముగా పలుకును. గొట్టము వెనుక మిగిలిన వ్రేళ్ళు తీగలపై మెత్తగా ఆని అనవసర ధ్వనులను అణచవలెను. కుడిచేతి బొటనవ్రేలు లావు తీగపై లయ తప్పక మీటుచుండగా, చూపుడు, నడిమి వ్రేళ్ళు సన్నతీగలపై పాటను పలికించును. బొటనవ్రేలి లయ స్థిరపడక ముందు మనోధర్మమునకు పూనుకొనరాదు.

స్వరములు

1వ తీగపై 0, 3, 5, 7, 10, 12 మెట్ల యందు షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము, తారషడ్జము లభించును. ఇవి మన శుద్ధధన్యాసి రాగ స్వరములే. అయితే బ్లూస్ గాంధారము 3వ, 4వ మెట్ల నడుమ ఎచ్చటనో నిలుచును. మెట్లపై వ్రేలు నొక్కి వాయించువాడు తీగను ప్రక్కకు లాగియే దానిని అందుకొనవలెను. జారు గమకమునకు అది సహజము. మెట్లు లేని మన గోటువాద్యమునందును ఈ గుణమే కలదు. విశ్వమోహన్ భట్, రై కూడర్‌లు 1993లో వెలువరించిన 'ఎ మీటింగ్ బై ది రివర్' ఆల్బమున ఈ రెండు దేశముల జారువాద్యములు కలిసి పలికి, 1994లో గ్రామీ బహుమతి పొందినవి.

పండ్రెండు బార్ల కట్టడి

నాలుగేసి మాత్రలు గల 12 బార్లు బ్లూస్‌కు ఒక ఆవర్తము. మొదటి 4 బార్లు షడ్జమూలము. తరువాత 2 మధ్యమము, 2 షడ్జము. పిదప 1 పంచమము, 1 మధ్యమము, 2 షడ్జము. మధ్యమమూలము వచ్చినపుడు సాధారణ గాంధారము ఇంపుగా నుండును. అంతర గాంధారమును అచ్చట విడువవలెను. పంచమమూలమున బొటనవ్రేలిని 5వ తీగకు మార్చవలెను. పాట మూడు పాదములు. మొదటి పాదమును రెండవమారు పాడి, మూడవ పాదమున ముగింపు పలుకుదురు. ప్రతి పాదమునకు 4 బార్లు గలవు. కంఠము సుమారు రెండు బార్లలో ముగియగా మిగిలిన చోటు గిటారు సమాధానమునకు దక్కును. మనోధర్మము నివసించు స్థలము అదియే.

అభ్యాసక్రమము

విద్యార్థి తన మాతృభాషలో, ఉర్దూలో గాని తెలుగులో గాని, తన మనస్సునకు సంబంధించిన ఒక పాదమును కట్టుకొని పాడవలెను. పిమ్మట గిటారుతో మూడు స్వరములకు మించక బదులు చెప్పవలెను. రెండవ పాదమునకు అదే బదులును కొలది మార్పుతో పలికి, మూడవ దానికి షడ్జముపై నిలుపవలెను. బదులు తోచనిచోట మౌనమే మేలు. లయ సాగుచునే యుండును. ఇట్లు కొన్ని వారములు సాధించిన పిదప కంఠమును ఆపి, మనస్సున మాత్రమే పాడుచు, ప్రశ్నను సమాధానమును గిటారుపైననే పలికింపవలెను. అదియే సోలో.

బ్లైండ్ విల్లీ జాన్సన్ బ్లూస్ గాయకుడు గాక భక్తిగాయకుడైనను, ఈ విద్యకు అతనిని మించిన ఉదాహరణము లేదు. 1927లో అతడు రికార్డు చేసిన 'డార్క్ వాజ్ ది నైట్' లో మాటలే లేవు. మూలుగు వంటి కంఠధ్వని, గిటారు తీగ ఒకదాని నొకటి వెంబడించును. 1977లో వాయేజర్ నౌకలలో పంపిన రికార్డున ఆ గానమును చేర్చిరి. గాయకుడు మాత్రము 1945లో పేదరికముననే కన్నుమూసెను.

అట్టివారి పలుకులను యథాతథముగా వల్లించుట అభ్యాసమునకు ఉపకరించును. అచ్చటనే ఆగిపోయినచో అది వారి విద్య కానేరదు. భూమి లేనివారికి, గౌరవము లేనివారికి తమ మాట తాము చెప్పుకొను చోటుగా ఆ రెండు బార్లు ఉపయోగపడినవి. ఆ చోటును మన విద్యార్థులును తమ సొంత మాటతో నింపుదురు గాక.