ట్రాక్టరుకు పెద్ద టైర్లు: గేరు లెక్క

రాజంపేట మండలమున చెరువుల క్రింద, బోర్ల క్రింద వరి వేయు రైతులకు దమ్ము రోజులలో ట్రాక్టరే ఆధారము. కరిగెటలో దిగబడకుండుటకై కంపెనీ ఇచ్చిన వానికన్న పెద్ద టైర్లు వెనుక చక్రములకు వేయించవలెనని తలచు రైతు సోదరులు ముందుగా ఒక లెక్క చూచుకొనవలెను.

ఎడ్లబండికి చక్రము పెద్దదైన కొలది లాగుట తేలిక. ఈ అనుభవము వలననే పెద్ద టైరుతో ట్రాక్టరుకు బలము పెరుగునని పలువురు నమ్ముదురు. కాని బండి చక్రమును ఎడ్లు లాగును. ట్రాక్టరు చక్రము తానే తిరిగి బండిని నెట్టును. ఇరుసును త్రిప్పు బలము మారనప్పుడు, చక్రము పెద్దదైనచో వేగము పెరిగి, లాగుడు తగ్గును.

13.6-28 టైరు వ్యాసము సుమారు 1310 మిల్లీమీటర్లు, 14.9-28 టైరుది సుమారు 1365. తేడా 4 శాతము. అదే గేరులో వేగము 4 శాతము హెచ్చును, లాగుడు దాదాపు అంతే తగ్గును. 16.9-28 వేసినచో తేడా 9 శాతము దాటును. రోటవేటరు పని చేయునపుడు బండి వేగము పెరిగి మట్టి గడ్డలు పెద్దవిగా మిగులును. జీపులకు పెద్ద టైర్లు వేయువారు యాక్సిలులోని క్రౌను, పినియను జతను మార్చి ఈ నష్టమును పూడ్చుకొందురు. పాత విల్లీస్ జీపులో పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 43, నిష్పత్తి 5.38. పాత నిష్పత్తిని కొత్త టైరు వ్యాసముతో గుణించి, పాత వ్యాసముతో భాగించినచో కావలసిన నిష్పత్తి తేలును. ట్రాక్టర్లకు వేరు వేరు నిష్పత్తుల జతలు సాధారణముగా దొరకవు. కనుక రెండు చక్రముల డ్రైవు బండికి ఒక గేరు తగ్గించి నడుపుటే ఉపాయము. అంతటితో సరి.

నాలుగు చక్రముల డ్రైవు గల ట్రాక్టరు విషయము వేరు. ముందు, వెనుక యాక్సిళ్లు గేర్లతో ముడిపడియుండును. ముందు టైర్లు వెనుకవానికన్న సాధారణముగా 1 నుండి 5 శాతము వేగముగా నడచునట్లు తయారీదారు అమర్చును. వెనుక టైర్లు మాత్రమే పెద్దవి చేసినచో ఈ ముందంజ పోయి, ముందు చక్రములు అడ్డుపడును, స్టీరింగు బరువెక్కును. గట్టి రోడ్డుపై ఆ డ్రైవు వేసి నడిపినచో యాక్సిళ్లు రెండును పెనుగులాడి టైర్లు అరుగును, గేరు పళ్లు విరుగుటయు కలదు.

దీనిని ఎవరైనను కొలువవచ్చును. చదునైన మట్టిబాటపై, పనిముట్టు లేకుండ, బండిని తిన్నగా నడుపుడు. వెనుక, ముందు టైర్లకు సుద్దతో గుర్తు పెట్టి, వెనుక చక్రము 20 చుట్లు తిరుగులోపల ముందు చక్రము ఎన్ని చుట్లు తిరిగెనో చూడుడు. చివరి అరకొర చుట్టును లగ్గుల లెక్కతో తీసికొనవలెను. ముందు డ్రైవు తీసివేసి ఒకసారి, వేసి ఒకసారి చేయవలెను. తీసినపుడు 26, వేసినపుడు 26.8 అనుకొందము. అధికము 0.8; దీనిని 26తో భాగించినచో 3 శాతము ముందంజ. ఇదే బండికి వెనుక 13.6 బదులు 14.9 వేసినచో, డ్రైవు తీసినపుడు ముందు చక్రము 27.1 చుట్లు తిరుగవలసివచ్చును. గేర్లు త్రిప్పునది 26.8 మాత్రమే. ముందంజ పోయి, 1 శాతము వెనుకబాటు వచ్చినది! తయారీదారు పుస్తకములో వెనుక టైరుకు జతగా చూపిన ముందు టైరును కూడ మార్చుటకు డబ్బు లేనిచో, వెనుకవాని జోలికి పోరాదు.

అరుగుదల వలనను ఈ లెక్క చెడును. మీటరు వ్యాసము గల ముందు టైరు లగ్గులు 1 సెంటీమీటరు అరిగినచో వ్యాసము 2 శాతము తగ్గును. ముందు టైర్లు అరిగియుండగా వెనుక మాత్రము కొత్తవి వేయించు రైతులు దీనిని గమనింపరు.

దిగబడుట ఒక్కటే బాధయైనచో టైరు మార్చనక్కరలేదు. పొలములో గాలిని తయారీదారు పట్టికలో ఆ బరువుకు చూపిన మేరకు తగ్గించి, దమ్ముకు కేజ్ వీళ్లు బిగించుకొనవచ్చును. వాని వ్యాసము టైరును మించరాదు. మించినచో ముందు వెనుకల లెక్క మరల చెడును. పని ముగియగానే గట్టుననే విప్పవలెను. కేజ్ వీళ్లతో తారు రోడ్డెక్కుట రోడ్డుకు హాని, జరిమానాకు దారి.