అప్పులవారి ఫోను మోగినప్పుడు



కొందరికి మాత్రలు మార్చినా రక్తపోటు దిగదు. నెమ్మదిగా అడిగితే, "రాత్రుళ్ళు నిద్ర లేదండీ, ఫోను మోగితే గుండె దడ" అంటారు. అప్పు తీరుస్తూనే ఉంటారు. ఒక వాయిదా ఆలస్యమైనందుకు రోజంతా ఫోన్లు.

ఫోను కట్టేసి దాక్కుంటే భయం పెరుగుతుంది. ఎత్తిన ప్రతిసారీ "రేపు కడతాను" అంటే మాట పోతుంది. ఇలా చేసి చూడండి.

1. లెక్క రాయండి. ఎవరికి ఎంత బాకీయో, బియ్యం, ఫీజులు, మందులు పోగా ఎంత మిగులుతుందో ఒక నోటుపుస్తకంలో రాయండి. మందులు మానేసి వాయిదా కట్టకండి. షుగరు, బి.పి. మాత్రలు ఆపితే వచ్చే జబ్బు ఖర్చు మరో అప్పవుతుంది.

2. ఒకే మాట చెప్పండి. "పదో తేదీన ఇంత కడతాను. సాయంత్రం ఐదింటికి మాట్లాడండి." కట్టగలిగినంతే చెప్పండి. అదే సంగతి బ్రాంచికి కాగితం మీద రాసివ్వండి. రసీదు లేనిదే ఎవరి చేతికీ డబ్బివ్వకండి.

3. హద్దులు తెలుసుకోండి. వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మైక్రోఫైనాన్సు అప్పులకైతే ఉదయం 9 నుండి సాయంత్రం 6 వరకే. తిట్టడం, బెదిరించడం, బంధువుల ముందు పరువు తీయడం తప్పు. ఫోను వచ్చిన తేదీ, వేళ, అన్న మాటలు రాసుకొని ముందు ఆ సంస్థకే ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. వివరాలకు 14448. ఫోటోలు మార్చి బెదిరించే లోన్ యాప్‌లపై 1930కి చెప్పండి. ఊళ్ళో వడ్డీకిచ్చినవారి దగ్గరకు సంఘపెద్దను వెంటబెట్టుకొని వెళ్ళండి.

4. దాచకండి. రెండవ రాజులు 4వ అధ్యాయంలోని విధవరాలు, అప్పులవాడు తన ఇద్దరు కుమారులను తీసుకుపోవడానికి వచ్చాడని ఎలీషాతో చెప్పుకుంది. ఆమెకు దారి అక్కడే మొదలైంది. చివరికి అప్పు తీరింది, మిగిలినదానితో ఇల్లు గడిచింది. చనిపోవాలనే తలంపు వస్తే ఆ క్షణమే ఇంట్లో చెప్పండి. 14416 టెలి-మానస్‌కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మన ఆసుపత్రి నర్సమ్మతోనైనా చెప్పండి. అప్పు తీర్చుకోవచ్చు, పోయిన ప్రాణం తిరిగి రాదు.

ఇంట్లో మాట్లాడుకోండి: మన బాకీల సంగతి ఇంట్లో అందరికీ తెలుసా? ఈ నెల మందులకు డబ్బు పక్కన పెట్టామా?