చిరుధాన్యాలు – స్త్రీశక్తి

జహీరాబాద్ ప్రాంతంలోని ఎర్రనేలలు వర్షాధారమైనవి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది ఇక్కడి తరతరాల పంటలు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో బియ్యాన్ని 2 రూపాయలకు అందించే పథకం ప్రారంభించింది. అది నిరుపేదల ఆకలిని తగ్గించిన మాట నిజమే. కాని పళ్లెంలో జొన్నరొట్టె స్థానాన్ని వరియన్నం ఆక్రమించిన కొలదీ చేలలో చిరుధాన్యాల సాగు తగ్గింది.

అదే సంవత్సరం పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆవిర్భవించింది. దాని అండతో దళిత మహిళలు ఊరూరా సంఘాలుగా ఏర్పడి, బీడుభూములను సాగులోకి తెచ్చారు. ఒకే చేనులో పలు పంటలు కలిపి వేశారు. ఒకటి ఎండినా మరొకటి దక్కుతుంది. విత్తనాలను బూడిద, వేపాకులతో బుట్టలలో భద్రపరచి, పరస్పరం ఇచ్చిపుచ్చుకొన్నారు. కూలికై ఒకరి వాకిట నిలిచిన చేతులే విత్తనదానం చేసే చేతులయ్యాయి. 2008లో మాచ్‌నూరులో ప్రారంభమైన ‘సంఘం రేడియో’ వారి మాటను వారి యాసలోనే వినిపించింది. 2019లో ఈ కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది. పేదల తిండిగా చిన్నచూపునకు గురైన చిరుధాన్యాల పేరిట 2023ను అంతర్జాతీయ సంవత్సరంగా జరుపుకొన్నారు.

అయినను సవాళ్లు తీరలేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో పారిశ్రామిక ప్రాంతం కోసం 12,000 ఎకరాలకు పైగా భూమిని నిర్దేశించారు. చదువుకొన్న యువతకు ఉద్యోగం కావాలి; సాగుచేసే తల్లికి నేల కావాలి. ఇవి రెండూ ఒకే ఇంటిలోని కోరికలు. ఒకదానికై మరొకదానిని బలిపెట్టని అభివృద్ధియే నిజమైన సామాజిక పరివర్తన.