వడ్డీ లేని వాలెట్‌కు యాంగోన్ జనం మారతారా?

ప్రశ్న: యాంగోన్‌లో మాకో చిన్న కొట్టు ఉంది. వేవ్ మనీ, కేబీజెడ్‌పే డబ్బులు వేయడం, తీసివ్వడం కూడా చేస్తుంటాం. చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. వడ్డీ అంటని ఇస్లామిక్ వాలెట్ ఒకటి వస్తే వీళ్లంతా దానికే మారిపోతారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనంటారా?
- ఒక పాఠకుడు, యాంగోన్

జవాబు: పేరు చూసి మారరండి. కావలసినప్పుడు నోట్లు చేతికొస్తాయన్న నమ్మకం కుదరాలి, ఆ తర్వాతే మతం సంగతి. డబ్బు విషయంలో మీ ఊరు తిన్న దెబ్బలు అలాంటివి. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ల నోట్లను పైసా పరిహారం ఇవ్వకుండా రద్దు చేశారు. 2003లో ప్రైవేటు బ్యాంకుల ముందు జనం బారులు తీరితే, ఇంతకు మించి తీయడానికి లేదన్నారు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక నోట్లకు కరువొచ్చి, ఫోన్‌లో ఉన్న లక్ష క్యాట్లను చేతికి తెచ్చుకోవడానికి పదివేల దాకా కమిషన్ ఇచ్చుకున్న రోజులున్నాయి. ఆ కమిషన్ ఏ మతం వాడికైనా ఒకటే. మీ కౌంటర్ దగ్గరికొచ్చిన మనిషి మొదట అడిగేది ‘క్యాష్ ఉందా, ఎంత పట్టుకుంటారు?’ అనే కదా. సోమాలియాను చూడండి. దాదాపు అందరూ ముస్లింలే. అక్కడ 2011లో వచ్చిన ఈవీసీ ప్లస్ అనే మొబైల్ వాలెట్‌ను జనం అక్కున చేర్చుకున్నారు. కారణం మతం కాదు. దేశంలోని షిల్లింగ్ నోట్లపై ఎవరికీ నమ్మకం లేదు. ఈవీసీ ప్లస్‌లో ఉన్నవి డాలర్లు, పైగా ఒకరికొకరు పంపుకోవడానికి రుసుము లేదు.

అలాగని వడ్డీ సంగతి తీసిపారేయవలసిందా? కానే కాదు. రిబా, అంటే వడ్డీ, హరామ్ అని నమ్మేవాడికి అది ప్రాణంతో సమానమైన విషయం. కాకపోతే అది ఎక్కడ అంటుకుంటుందో తెలియాలి. డబ్బు పంపినందుకు తీసుకునే రుసుము చేసిన పనికి కూలి. పేచీ అంతా వాలెట్ కంపెనీ జనం సొమ్మును కలిపి ఉంచే బ్యాంకు ఖాతా మీద వచ్చే వడ్డీ దగ్గర. టాంజానియాలో టిగో పెసా అనే వాలెట్ 2014లో అలాంటి ఖాతా మీద వచ్చిన రాబడిని వాడుకదారులకు పంచడం మొదలుపెట్టింది. చాలామందికి అది అదనపు ఆదాయం. నిష్ఠ గల ముస్లింకు మాత్రం అడగకుండా నెత్తిన పడిన చిక్కు. సొమ్ము ఏ బ్యాంకులో ఉంది, దాని రాబడి ఎవరికి పోతోంది, వద్దనుకుంటే వదులుకోవచ్చా అన్నవి బర్మీస్‌లో రెండు ముక్కల్లో చెప్పగలిగిన వాలెట్టే ఆ పేరుకు తగినది. ఉత్త పేరును నమ్మితే ఏమవుతుందో బెంగళూరు చూసింది. హలాల్ పెట్టుబడి అని వేలమంది దగ్గర సొమ్ము పోగుచేసిన ఐఎంఏ అనే సంస్థ 2019లో కుప్పకూలింది. మునిగినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే.

ఇంకో అడ్డంకి ఉంది. నా దృష్టిలో వడ్డీ కంటే ఇదే పెద్దది. పూర్తి స్థాయి ఖాతాకు గుర్తింపు కార్డు కావాలి. 1982 పౌరసత్వ చట్టం వేసిన మెలికల వల్ల గులాబీ రంగు పౌరసత్వ కార్డు సంపాదించడం ముస్లింలకూ, మన తెలుగువాళ్లతో సహా భారత సంతతి వాళ్లకూ ఎంత తిప్పలో మీకు వేరే చెప్పక్కర్లేదు. కార్డే లేనివాడికి షరియా వాలెట్ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అతను డబ్బు పంపడానికి, బ్యాంకుతో పని లేకుండా చేరవేసే హుండీవాడి దగ్గరికే పోతాడు. అలాంటివాళ్లను చూసి జనం కొత్తకు జంకుతున్నారనడం అన్యాయం.

కాబట్టి మీ అబ్బాయి కొత్త ఏజెన్సీకి డిపాజిట్ కట్టే ముందు ఆ కంపెనీని మూడు విషయాలు అడగమనండి: కార్డు లేనివాళ్లకు ఎంతవరకు అనుమతి ఉంది, నోట్లు అయిపోయిన రోజు ఏజెంటుకు క్యాష్ ఎవరు తెచ్చిస్తారు, ఫోన్‌లో అప్పులిచ్చే ఆలోచన ఉంటే వాయిదా దాటినవాడి దగ్గర ఏం వసూలు చేస్తారు. మూడోదానికి జవాబు కాగితం మీద తీసుకుని, అది వడ్డీ కిందకు వస్తుందో రాదో తేల్చడానికి మీ వీధి మసీదు ఇమాముకు చూపించండి. ఈలోగా, ఇప్పుడున్న వాలెట్లకే మీరు తీసుకునే కమిషన్ ఎంతో అందరికీ కనబడేలా కౌంటర్ మీద రాసి పెట్టండి.